హాజరు వేయనిది వాళ్లు, గైర్హాజరు మనకా?

(ఇందిరమ్మ ఇండ్ల లబ్ధిదారుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. నాకు తెలిసిన సంగతితోనే మొదలు పెడతా. పిల్లగాడు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూసున్నడు. సారు హాజరు వేయడం మరిచిండు. సాయంత్రం రిజిస్టరు చూసి "నువ్వు బడికి రాలేదు" అంటే ఆ పిల్లగాడు ఏం కావాలె? ఇయ్యాల మన ఇండ్ల కాడ జరుగుతున్నది ఇదే.

ప్రభుత్వం ఇంటికి అయిదు లక్షలిస్తానన్నది. ఒక్కసారి కాదు, నాలుగు దఫాలు. బేస్‌మెంటు, గోడలు, స్లాబు, చివరికి ఇల్లు పూర్తయినంక. ప్రతి దఫాకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలె, ఇంజినీరు చూసి ఒప్పుకోవాలె. అప్పుడే బిల్లు. రాకపోతే? కాగితం మీద ఇల్లు లేనట్టే.

మా చెల్లె ఇల్లే చెప్తా. బేస్‌మెంటు అయింది. కబురు పంపినం, ఫోన్లు చేసినం. రేపు అన్నరు, సోమవారం అన్నరు. మబ్బులు పట్టినయి, మేస్త్రికి ఇంకో ఊర్ల పని తగిలింది. "మట్టి నింపి గోడలు లేపుతా, లేకుంటే రెండు నెలల దాకా నేను దొరక" అన్నడు. లేపినం. ఆ తర్వాత వచ్చిన ఇంజినీరు సారు, "పునాది నేను చూడలే, ఎట్ల రాయాలె?" అన్నడు. వెంట వచ్చినాయన చెవిల ఇంకో మాట అన్నడు. ఆ మాటేందో మీకు చెప్పే పని లేదు.

లక్ష రూపాయలు వందకు మూడు రూపాయల మిత్తికి తెచ్చినం. నెలకు మూడు వేలు. బిల్లు నాలుగు నెలలు ఆగింది. పన్నెండు వేలు ఎవరి తప్పుకు కట్టినం? ఆ లెక్క ఏ యాప్‌లో లేదు.

చివరికి పైసలివ్వలేదు, దరఖాస్తు ఇచ్చినం. "ఫలానా తేదీన బేస్‌మెంటు పూర్తయింది, తెలియజేసినం, తనిఖీకి రాలేదు, ఇప్పుడు వచ్చి చూసి రాయండి" అని. రెండు నకళ్లు. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ. నోటితో చెప్పింది గాలికి పోతది. ముద్ర పడ్డ కాగితం ఎటూ పోదు. సిమెంటు, సలాక రసీదులు జత చేసినం. ఇంజినీరు ముందట, మేస్త్రిని పక్కన పెట్టుకొని, ఒక మూల తర్వాత ఒక మూల పునాది పక్కపొంటి తవ్వి చూపించినం. పునాది కిందికి తవ్వొద్దు, నాలుగు మూలలు ఒక్కసారి తవ్వొద్దు, ఇల్లు కుంగుతది. చూసినంక గట్టిగ దిమ్మిస పెట్టి పూడ్చినం.

ఇక్కడ ఒక మాట దాయకుండా చెప్పాలె. మేం తవ్వింది బిల్లు కోసం. బయటపడ్డది వేరే. మూడు మూలలు మొరం దాకా పోయినయి. నాలుగోది నల్లరేగడిలోనే ఆగింది. మేస్త్రి తొందరపడ్డడు, మేం చూసుకోలేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది, దాంతోపాటే గోడ పగులుతది. పైన ఇంకో అంతస్తు వేయొద్దని, ఆ మూల నీళ్లు నిలవకుండా చుట్టూ వాలుగా గచ్చు చేయమని ఇంజినీరే చెప్పిండు. బేస్‌మెంటు అప్పుడే వచ్చి చూసి ఉంటే ఒక్క పూట పనితో పోయేది. మనోళ్లు కూడా తనిఖీ అంటే బిల్లు కోసం చేసే తంతు అనుకుంటున్నరు. కాదు. ఆ స్లాబు కింద పండేది మన పిల్లలు. పాత కాలనీలల్ల సలాకలు తేలిన స్లాబులు మీరు చూడలేదా?

అందుకే, ఇంకా మట్టి నింపని వాళ్లు ఆగండి. ఆగలేకపోతే, పూడ్చక ముందే టేపు పెట్టి లోతు కనబడేటట్టు ఫొటోలు తీయండి. స్లాబు పోసే ముందు సలాక కట్టినప్పుడు తీయండి. ఇంటామె పక్కన నిలబడాలె, ఇల్లు ఆమె పేరు మీద కదా. ఆరు వందల చదరపు అడుగులు దాటనియ్యకండి, ఆ సాకుతో కూడా బిల్లులు ఆపుతున్నరు.

తనిఖీకి ఎప్పుడొచ్చినమని రాసుకున్నరో అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద రికార్డు చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఊరి పంచాయతీలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు. ముప్పై రోజులల్ల జవాబియ్యాలె. పైసలడిగితే 1064కు ఫోన్ చేయండి, ఏసీబీది. మేం ఆ రోజు చేయలేదు, భయపడ్డం. ఇప్పటికీ అది నా మనసుల ఉంది.

మీటింగు కాంగనే ఈ వాడల తనిఖీ కాని ఇండ్లు ఎన్నో రాసుకుందాం. కాగితాలు నేను తెచ్చిన. సోమవారం ప్రజావాణికి కలెక్టరాఫీసుకు అందరం కలిసి పోదాం. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు స్టేజీ కాడికి రండ్రి, రసీదులు మరవకుండ్రి.