వందనం సరే, తేదీ ఏది?

(ప్రసంగ పాఠం)



చట్టసభల్లో స్త్రీలను అవమానిస్తూ ఎవరైనా మాట్లాడితే మనం వెంటనే నిరసన తెలుపుతాం. తెలపవలసిందే. కానీ ఈ రోజు నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది మనల్ని గౌరవిస్తూ పలికే మాటల గురించి. మహిళా రిజర్వేషన్ బిల్లు మీద 1996 నుంచి 2023 వరకు పార్లమెంటులో నడిచిన చర్చను చూస్తే, తిట్లకన్నా ఈ మర్యాద మాటలే మన హక్కును ఎక్కువ దూరం నెట్టాయని నాకనిపిస్తుంది.

ముందు తిట్ల సంగతి. బిల్లు మొదట 1996 సెప్టెంబరు 12న లోక్‌సభకు వచ్చింది. 1997లో శరద్ యాదవ్, దీనివల్ల 'పర్‌కటీ' స్త్రీలకే మేలు జరుగుతుందనే అర్థంలో సభలో మాట్లాడారు. అంటే జుట్టు కత్తిరించుకున్న నగర స్త్రీలని. 1998 జూలైలో, బాలయోగి స్పీకర్‌గా ఉన్న సభలోనే, ఒక సభ్యుడు బిల్లు ప్రతులను లాక్కుని చించేశారు. ఇవి అందరికీ కనిపించాయి, అందరూ ఖండించారు. లోక్‌సభ 380వ నియమం ప్రకారం అమర్యాదకరమైన మాటల్ని స్పీకర్ రికార్డు నుంచి తొలగించవచ్చు. మర్యాదగా పలికిన నిరాకరణను తొలగించడానికి మాత్రం ఏ నియమమూ లేదు.

అటువంటి మాటల్లో మొదటిది బంధుత్వం. తల్లులు, అక్కచెల్లెళ్ళు, శక్తి స్వరూపిణులు. మన వేదికల మీదైతే 'ఆడపడుచులు'. ఆడపడుచుకు పుట్టింటివారు చీర పెడతారు, పెట్టకపోతే అడగడం మర్యాద కాదంటారు. ఈ భాషలో స్త్రీ పౌరురాలు కాదు, ఇచ్చింది పుచ్చుకునే మనిషి. 2023 చట్టం పేరే చూడండి: 'నారీ శక్తి వందన్ అధినియమ్'. వందనం చేసేవారున్నారు, చేయించుకునేవారున్నారు. హక్కు అన్న మాట పేరులో ఎక్కడా లేదు.

రెండవది 'ఏ స్త్రీలు?' అన్న ప్రశ్న. ఇది నిజమైన ప్రశ్న. వెనుకబడిన కులాల స్త్రీలు, ముస్లిం స్త్రీలు తమ వాటా ఏమిటని అడగడం న్యాయం. ఆ ప్రశ్న మన ఉద్యమాల్లోనూ ఉంది, ఉండాలి. అయితే సభలో దాన్ని కొందరు బిల్లుకు సవరణగా కాక, బిల్లును ఆపే అడ్డుకర్రగా వాడుకున్నారు. రెండో వైపు కూడా నిజాయితీగా జవాబు చెప్పలేదు. గీతా ముఖర్జీ అధ్యక్షతన పనిచేసిన సంయుక్త కమిటీ 1996లోనే, వెనుకబడిన కులాలకు రిజర్వేషన్ విషయం ప్రభుత్వం తగిన సమయంలో పరిశీలించవచ్చని సిఫారసు చేసింది. ఆ 'తగిన సమయం' 2023లోనూ రాలేదు.

మూడవది ఏకాభిప్రాయం. వినడానికి ఎంత ప్రజాస్వామికంగా ఉంటుంది! కానీ రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం సభలో అడిగేది మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మద్దతు, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. అందరూ ఒప్పుకోవాలని అది ఎక్కడా అడగదు. 2010 మార్చి 9న రాజ్యసభ 186-1 ఓట్లతో బిల్లును ఆమోదించింది. లోక్‌సభలో దాన్ని ఎవరూ ఓడించలేదు. చర్చకే తీసుకోలేదు. 2014లో సభ రద్దుకాగానే బిల్లూ పోయింది. వ్యతిరేకంగా ఓటు వేసినట్లు ఎవరి పేరూ అక్కడ నమోదు కాలేదు.

2023 సెప్టెంబరులో లోక్‌సభ 454-2తో, రాజ్యసభ 214-0తో ఆమోదించాయి. ఇంతటి ఏకాభిప్రాయం దొరికాక కూడా చట్టంలో తేదీ లేదు. తర్వాత జరిగే మొదటి జనగణన, ఆ లెక్కల మీద నియోజకవర్గాల పునర్విభజన, ఆ పిమ్మట రిజర్వేషన్ అని రాశారు. దీని పక్కన 73వ సవరణను పెట్టి చూడండి. పంచాయతీల్లో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్త్రీలకు స్థానాలన్న ఆ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానికి విరుద్ధంగా ఉన్న రాష్ట్ర చట్టాలు ఏడాదికి మించి చెల్లవని అందులోనే గడువు పెట్టారు. గ్రామంలో స్త్రీ సర్పంచ్ కావడానికి ఏడాది గడువు. పార్లమెంటులో తమ పక్కన కూర్చోవడానికి మాత్రం జనగణన, పునర్విభజన!

కనుక ఏ ఉపన్యాసం చదివినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇందులో స్త్రీ హక్కుదారా, గ్రహీతా? పని ఎవరు చేయాలో చెప్పారా, లేక 'జరుగుతుంది' అని వదిలేశారా? తేదీ ఉందా? సభ్యుల ప్రసంగాలు అచ్చయి దొరుకుతాయి. మీ నియోజకవర్గ సభ్యుడు ఏమన్నాడో సంఘం సమావేశంలో చదివి వినిపించండి. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆ కాగితం ఆయన ముందు పెట్టండి.

ఇదే పరీక్ష మన కరపత్రాలకూ పెట్టాలి. 'స్త్రీ శక్తి', 'మాతృమూర్తి' అని మనమూ రాస్తున్నాం. ఆ మాటలు మనం వాడినంతకాలం, వాటికి వందనం చేసి వెళ్ళిపోవడం వారికి సులువే. మనం అడిగేది వందనం కాదు, స్థానం. ఏ తేదీ నుంచి అన్నది కూడా కలిపి అడుగుదాం.