ప్లగిన్‌కూ పూచీకత్తు చూడాలి

(మాయాబందర్‌లో చిన్న వ్యాపారులు, హోమ్‌స్టే యజమానులు, కళాశాల విద్యార్థుల కోసం నిర్వహించిన ఆర్థిక అక్షరాస్యత శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరాల్లో మేము మామూలుగా పొదుపు గురించి, బీమా గురించి మాట్లాడతాం. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని గుర్తుచేస్తాం. ఈసారి వెబ్‌సైట్ల గురించి చెప్పమని మీలోనే కొందరు అడిగారు. అడగాల్సిన విషయమే. శ్రీ విజయపురం, అంటే మన పాత పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు దాటితే గాని మాయాబందర్ రాదు. ఇంత దూరం ఎవరూ ఊరికే రారు. కర్మతాంగ్ బీచ్ ఫొటోలు చూసి, గది దొరుకుతుందో లేదో ఇంట్లో కూర్చునే తేల్చుకుని బయలుదేరతారు. మీ గుమ్మం ఇప్పుడు వాళ్ల ఫోనులో ఉంది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ మన పక్కనున్న రంగత్‌ను కూడా కలిపింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కూడా వెబ్‌సైట్లు తయారుచేస్తున్నారు. సంతోషం. అయితే సైటు కట్టడం ఒక పని, దానికి ఏయే ప్లగిన్లు తగిలించాలో ఎంచుకోవడం ఇంకో పని. ఈ రెండో పని గురించే నేను మాట్లాడతాను.

ముందు మాటల అర్థం చూద్దాం. వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా వంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు అంటారు. ప్రోగ్రామింగ్ రాకపోయినా పేజీలు రాసుకోవడానికి, ఫొటోలు పెట్టుకోవడానికి ఇవి వీలు కల్పిస్తాయి. బుకింగ్ క్యాలెండర్, విచారణ ఫారం, రెండో భాష వంటి అదనపు సౌకర్యాలు కావాలంటే వేరే ముక్కలు తగిలించుకోవాలి. వర్డ్‌ప్రెస్ వాళ్లు వీటిని ప్లగిన్లు అంటారు, డ్రూపల్ వాళ్లు మాడ్యూళ్లు అంటారు, జూమ్లా వాళ్లు ఎక్స్‌టెన్షన్లు అంటారు. వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితాలోనే ఉచిత ప్లగిన్లు దాదాపు అరవై వేలు ఉన్నాయి. కాబట్టి దొరకడం కష్టం కాదు. ఏది నమ్మదగినదో తేల్చుకోవడమే కష్టం.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఒక్క విషయం గుర్తుంచుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ వేశారంటే దానికి ఇంటి మొత్తానికి తాళంచెవి ఇచ్చినట్టే. క్యాలెండర్ ప్లగిన్ క్యాలెండర్‌కే పరిమితమై ఉంటుందని అనుకోవద్దు. మీ అతిథుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న డేటాబేస్‌ను అది చదవగలదు, మార్చగలదు కూడా. అందుకే ప్లగిన్‌ను ఎంచుకోవడం సరుకు కొనడం లాంటిది కాదు, పూచీదారును ఎంచుకోవడం లాంటిది.

మా ఖాతాదారు ఒకాయన హోమ్‌స్టే నడుపుతున్నారు. ఒక డిసెంబరులో గదులు ఖాళీగా ఉన్నా ఫోన్లు రావడం ఆగిపోయాయి. చివరికి పాత అతిథి ఒకాయన ఫోన్ చేసి, "మీ సైట్లో నెలంతా నిండిపోయినట్టు చూపిస్తోందండీ, నిజమేనా?" అని అడిగారు. విచారిస్తే తేలింది ఇదీ: సర్వర్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మారింది, బుకింగ్ క్యాలెండర్ మాత్రం పాతదే, దాన్ని తయారుచేసినవాళ్లు మూడేళ్లుగా ముట్టుకోలేదు. ఆ సంగతి ప్లగిన్ పేజీలోనే రాసి ఉంది. సైటు కట్టిచ్చినవాళ్లు చదవలేదు. సీజన్ పోయింది, వాయిదా మాత్రం ఆగలేదు. అప్పు తీర్చే ఆదాయం ఆ చిన్న క్యాలెండర్ మీద ఆధారపడి ఉంది కాబట్టే బ్యాంకువాడిగా నేను ఈ మాట చెబుతున్నాను.

మరి ఎలా వెతకాలి? మేము ఋణ దరఖాస్తును పరిశీలించే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

మొదట అవసరాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. "మంచి ఫారం కావాలి" అంటే సరిపోదు. "అతిథి పేరు, తేదీలు, ఫోను నంబరు నాకు ఈమెయిల్‌లో రావాలి, సైటులోనూ భద్రంగా ఉండాలి" అని రాయండి. అప్పుడు జాబితాలో వెతికి మూడు పేర్లే తీసుకోండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి, పక్కపక్కన ఈ వివరాలు నింపండి.

ఒకటి, చివరిసారి ఎప్పుడు సవరించారు? ఏడాది దాటితే అనుమానించండి. ప్రస్తుత వర్డ్‌ప్రెస్ వెర్షన్‌తో పరీక్షించారా లేదా అన్నది కూడా అక్కడే ఉంటుంది. గత మూడు ప్రధాన వెర్షన్లతో పరీక్షించనివాటికి ఆ పేజీలోనే హెచ్చరిక కనిపిస్తుంది.

రెండు, ఎన్ని సైట్లు వాడుతున్నాయి? ఈ సంఖ్య ఉపయోగపడుతుంది గాని, ఇదొక్కటే చాలదు. 2020 సెప్టెంబరులో ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు సైటులోకి తమ ఫైళ్లు ఎక్కించగలిగారు. 2024 నవంబరులో, భద్రత కోసమే వాడే రియల్లీ సింపుల్ సెక్యూరిటీలో కూడా తీవ్రమైన లోపం దొరికింది. అది నలభై లక్షల సైట్లలో ఉంది. లోపం ఎవరికైనా వస్తుంది. తెలిసిన వెంటనే సరిదిద్దేవాళ్లు వెనుక ఉన్నారా అన్నదే చూడాలి. ఈ రెంటినీ సరిచేసి కొత్త వెర్షన్లు ఇచ్చారు. వాటిని వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

మూడు, చుక్కల సగటు కాదు, ఒక్క చుక్క ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. అయిదు చుక్కలవాళ్లు "సూపర్" అంటారు. ఒక్క చుక్కవాళ్లు ఎక్కడ విరిగిందో చెబుతారు. సహాయం అడిగినవాళ్లకు గత రెండు నెలల్లో ఎన్నింటికి పరిష్కారం దొరికిందో కూడా ఆ పేజీలో ఉంటుంది.

నాలుగు, యజమాని ఎవరు, ఈమధ్య మారారా? డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ రెండు లక్షల సైట్లలో ఉండేది. 2017లో అది చేతులు మారింది. కొన్న కొత్తవాళ్లు అప్‌డేట్ల ద్వారా దొంగదారి పెట్టారు, చివరికి దాన్ని జాబితాలోంచి తీసేశారు. జాబితాలో చేర్చేటప్పుడు ప్లగిన్‌ను పరిశీలిస్తారు గాని, తర్వాత వచ్చే ప్రతి మార్పునూ అంత నిశితంగా చూడరు. ఋణం మంజూరు చేశాక మేము మళ్లీ తనిఖీకి వెళ్లేది ఇందుకే.

అయిదు, రేపు వద్దనుకుంటే ఎలా బయటపడాలి? ఈ ప్రశ్న చాలామంది అడగరు. మన ఊరికి హిందీ, బెంగాలీ, ఇంగ్లిష్ మూడూ కావాలి కాబట్టి భాషల ప్లగిన్లనే ఉదాహరణగా తీసుకుందాం. పాలీలాంగ్ ఉచిత వెర్షన్లో ఎన్ని భాషలైనా పెట్టుకోవచ్చు. ప్రతి భాషకూ విడి పేజీ తయారవుతుంది కాబట్టి ప్లగిన్ తీసేసినా పేజీలు మిగులుతాయి. ట్రాన్స్‌లేట్‌ప్రెస్‌లో పేజీని తెర మీద చూస్తూనే అనువదించుకోవచ్చు, కొత్తవాళ్లకు సులువు. కాని దాని ఉచిత వెర్షన్లో అదనంగా ఒక్క భాషే వస్తుంది. అనువాదాలు దాని సొంత పట్టికల్లో ఉంటాయి కాబట్టి, ప్లగిన్ ఆపితే సైటులో మూలభాషే కనిపిస్తుంది. రెండూ మంచివే. మూడు భాషలు కావలసిన హోమ్‌స్టేకు మొదటిది సరిపోతుంది. ఒక్క హిందీ చాలనుకునే దుకాణానికి రెండోది తేలిక.

ఫారాల్లోనూ ఇంతే. కాంటాక్ట్ ఫారం 7 ఉచితం, ఎంతో పాతది, చాలామంది వాడేది. కాని అది విచారణను ఈమెయిల్‌గా పంపుతుంది, తన దగ్గర దాచుకోదు. ఆ మెయిల్ స్పామ్‌లోకి పోతే బేరం పోయినట్టే. దాచుకోవాలంటే ఫ్లమింగో అనే తోడు ప్లగిన్ వేసుకోవాలి. ఇందాక అవసరాన్ని ఒక్క వాక్యంలో రాయమన్నది ఇలాంటి తేడా కనిపించడానికే.

డ్రూపల్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మాడ్యూల్‌ను ఎవరైనా నిర్వహిస్తున్నారా, భద్రతా బృందం హెచ్చరికల విధానం కిందికి అది వస్తుందా అని దాని పేజీలోనే చూసుకోవచ్చు. జూమ్లావాళ్లు లోపాలున్న ఎక్స్‌టెన్షన్ల జాబితాను విడిగా నిర్వహిస్తారు.

డబ్బు విషయంలో రెండు హెచ్చరికలు. డబ్బిచ్చి కొనాల్సిన ప్లగిన్‌ను ఎవరైనా టెలిగ్రామ్‌లో ఊరికే ఇస్తామంటే తీసుకోవద్దు. అందులో ఏం కలిపారో మీకు తెలియదు. రెండోది, అతిథి కార్డు నంబరును మీ ఫారంలో అడగవద్దు. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు వివరాలను వ్యాపారులు తమ దగ్గర దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. యూపీఐ క్యూఆర్ గాని, చెల్లింపు గేట్‌వే సొంత పేజీకి తీసుకెళ్లే లింకు గాని పెట్టండి. ఆధార్ ప్రతులు ఎక్కించే ఫారం పెడితే, ఆ ఫైళ్లు ఎక్కడ చేరుతున్నాయో, లింకు తెలిసినవాడెవడైనా తెరవగలడా అన్నది ముందే చూసుకోండి.

ఎంచుకున్నది నేరుగా నడుస్తున్న సైటులో వేయకుండా, ముందు నకలు సైటులో వేసి చూడండి. తర్వాత మొబైల్ డేటా మీద, సిగ్నల్ తక్కువగా ఉన్నచోట సైటు తెరవండి. చాలా ప్లగిన్లు పేజీకి తమ వంతు బరువు కలుపుతాయి. వాడనివాటిని ఆపడంతో సరిపెట్టకుండా పూర్తిగా తీసేయండి. అప్‌డేట్‌కు ముందు బ్యాకప్ తీసి, అది సర్వర్‌లోనే కాక వేరేచోట కూడా ఉండేలా చూడండి. ఆ బ్యాకప్‌తో సైటు మళ్లీ లేస్తుందో లేదో ఒక్కసారైనా పరీక్షించండి.

చివరగా బ్యాంకు మాట. వెబ్‌సైట్ కోసం ఋణం అడిగేటప్పుడు కట్టే ఖర్చు ఒక్కటే రాస్తున్నారు. డబ్బిచ్చి తీసుకునే ప్లగిన్లు చాలావరకు ఏటా రెన్యువల్ అడుగుతాయి, ధర డాలర్లలో ఉంటుంది. ఆ మొత్తాన్ని, నెలకోసారి సైటు చూసే మనిషి జీతాన్ని కూడా అంచనాలో చేర్చండి. ఎంచుకున్న ప్లగిన్ల పేర్లు, ఎందుకు ఎంచుకున్నారో, చివరి అప్‌డేట్ తేదీలు ఒక పుస్తకంలో రాసి మీ దగ్గరే పెట్టుకోండి. కట్టిచ్చినవాళ్లు ఊరు మారినా సైటు మీ చేతిలోనే ఉంటుంది.

 ఇక ప్రశ్నలు అడగండి.