ఇంప్లాంటు పన్నుకు స్పర్శ ఎంత?



ఇటీవల ఒక పెద్దాయన నా వద్దకు వచ్చి, "అమ్మా, మీరు పెట్టిన పన్ను నా సొంత పన్నులాగానే ఉంది. కాని అన్నంలో రాయి వస్తే మాత్రం ఆలస్యంగా తెలుస్తోంది" అన్నారు. పరిశోధకులు కొలతలతో తేల్చిన విషయాన్ని ఆయన అన్నం ముద్దతో తేల్చివేశారు.

సహజమైన పన్ను ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. వేరుకు, ఎముకకు నడుమ మిల్లీమీటరులో సుమారు ఐదవ వంతు మందం గల నారల పొర ఉన్నది. పన్ను ఆ పొరలో ఊయలలో వలె వేలాడుతుంది. ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలు అందులోనే ఉన్నవి. కనుకనే రాయి తగిలిన క్షణాన, మనం ఆలోచించక మునుపే, దవడ ఆగిపోతుంది.

పన్ను పోయిన చోట ఆ పొర కూడ పోతుంది. టైటానియం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోతుందని స్వీడను దేశీయుడైన బ్రోనెమార్క్ 1950ల దశకంలో కుందేళ్ళపై పరిశోధిస్తూ గమనించారు. 1965లో మనిషి దవడలో దానిని అమర్చారు. ఆ కలయికయే ఇంప్లాంటుకు బలం. స్పర్శ విషయంలో అదే లోటు.

పళ్ళ నడుమ పలుచని రేకులుంచి కొరికించి చూస్తే, సహజమైన పళ్ళు సుమారు 20 మైక్రాన్ల మందాన్ని గుర్తిస్తాయి. ఇంప్లాంటు సుమారు 50 మైక్రాన్లను గుర్తిస్తుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అనగా ఇంప్లాంటు మొద్దు కాదు. తీసిపెట్టుకొనే కట్టుడు పళ్ళ సెట్టు కంటె ఎంతో మేలు. కొరికినప్పటి ఒత్తిడి ఎముక గుండా, దానిని కప్పిన పొర గుండా, దవడ కీలు, నమిలే కండరాల గుండా మెదడుకు చేరుతుంది. ఎదుటనున్న సహజమైన పన్ను కూడ కబురు చెబుతుంది. తొలి వారాలలో చెక్కముక్కలా ఉన్నదని విసుగుకొన్నవారే, కొన్ని నెలలకు ఏ పన్ను పెట్టించుకొన్నదీ వేలితో వెదకి చూపవలసి వస్తుంది!

నా దిగులు వేరు. ఇంప్లాంటుకు పంటి లోపలి నాడి లేదు, చల్లనీళ్ళకు జివ్వుమనదు. ఎత్తు కాస్త ఎక్కువై భారమంతా దానిపైనే పడుతున్నా మీకు తెలియకపోవచ్చు. అందుకే రంగు కాగితం కొరికించి మేము సరిచూస్తాము. చుట్టూ చిగురు చెడి ఎముక కరుగుతున్నా తరచు నొప్పి ఉండదు. "నొప్పి లేదుగదా" అని పరీక్షకు రాకుండా ఉండవద్దు. తోముకొనేటప్పుడు రక్తం కనబడినా, పన్ను కొద్దిగా కదిలినట్లు తోచినా వెంటనే రండి.

బళ్ళారిలో జొన్నరొట్టె, వేరుశనగలు తినేవారికి భయం అక్కరలేదు. వక్క కొరికే అలవాటు గలవారు, నిద్రలో పళ్ళు నూరేవారు మాత్రం ఆ సంగతి పన్ను పెట్టించుకొనక ముందే చెప్పండి.