మత్తు కలిపే ముందు అడగాల్సిన మాట



ఎండోస్కోపీకి ఏ మత్తుమందుతో ఏది కలపాలి అన్నదే ఈ సదస్సు విషయం. మోతాదుల పట్టికలు ఈరోజు చాలానే చూస్తాం. ఆ పట్టికల్లో ఎక్కడా కనిపించని కల్లు గురించి నేను మాట్లాడతాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రిలో మత్తు ఇచ్చే బాధ్యత నాది. అరవై దాటిన రైతుకు గ్యాస్ట్రోస్కోపీ. మిడజోలం రెండు మిల్లీగ్రాములు ఇచ్చాను. కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఇంకొకటి ఇచ్చాను, మళ్లీ రెండు ఇచ్చాను. ‘మత్తెక్కుతలే సారూ’ అన్నాడు. నాకు ఓపిక చాలలేదు. పైన ఫెంటనిల్ యాభై మైక్రోగ్రాములు ఇచ్చాను. పైపు లోపలికి వెళ్లిన కాసేపటికి ఛాతీ కదలడం ఆగిపోయింది. ముక్కుకు ఆక్సిజన్ ఉంది కాబట్టి తెర మీద అంకె ఇంకా 97 చూపిస్తూనే ఉంది. పైపు తీయించి, దవడ పైకెత్తి, మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతూ కూర్చున్నాను. నలోక్సోన్ ఇచ్చాం. మిడజోలంకు విరుగుడని ఫ్లుమజెనిల్ కూడా సిరంజిలోకి ఎక్కించేశారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య అప్పుడు అంది: ‘రోజూ ఐదు సీసల కల్లు తాగుతడు సారూ, అందుకేనేమో.’ ఆ సిరంజి పక్కన పెట్టించాను. ఆయన బతికాడు. ఆ మాట పైపు వేయకముందే నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు, తప్పు నాది.

కల్లంటే అన్నిచోట్లా చెట్టు కల్లే కాదని మనందరికీ తెలుసు. మన సిద్దిపేట వైపు పల్లెల్లో దుకాణపు కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ పట్టుబడుతూనే ఉన్నాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు కల్లు అందక వణుకుతో, మూర్ఛలతో, అయోమయంతో ఎందరు ఆసుపత్రుల పాలయ్యారో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి అల్ప్రాజోలం తాగిన మెదడుకు మిడజోలం కొత్త చుట్టమేమీ కాదు, రెండూ ఒకే కుటుంబం. అందుకే నిద్ర రాదు. నిద్ర రాలేదని పైన ఓపియాయిడ్ వేస్తే, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసి ఊపిరిని తొక్కేస్తాయి. అలవాటు పడ్డ మనిషి ఒంట్లోకి ఫ్లుమజెనిల్ పోస్తే ఒక్కసారిగా మూర్ఛ రావచ్చు. పైగా దాని పని మిడజోలం కంటే ముందే అయిపోతుంది, రోగి మళ్లీ మత్తులోకి జారుకోవచ్చు.

మిడజోలం, ఫెంటనిల్ రెండూ కలపాల్సి వస్తే ముందు ఫెంటనిల్, దాని పని చూశాకే మిడజోలం అన్న క్రమాన్ని నేను గట్టిగా నమ్ముతాను. మిడజోలం పూర్తిగా పనిచేయడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. మనం ఒకటిన్నర నిమిషానికే రెండో మోతాదు తోస్తాం. ప్రొపొఫాల్ నిమిషంలోపు నిద్రపుచ్చుతుంది, ఇట్టే వదిలేస్తుంది. దానికి విరుగుడు లేదు. పైపు వేసే డాక్టరే అది కూడా చూసుకుంటానంటే నేను ఒప్పుకోను, దాన్ని చూడటానికే ఒక మనిషి ఉండాలి. ఈఆర్‌సీపీ లాంటి పెద్ద పనికి ఆ మనిషి మత్తు వైద్యుడే కావాలి.

ఊపిరిని చూడమన్న మాట మన హైదరాబాద్‌లో ఎప్పుడో చెప్పిందే. 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్‌లు పనిచేశాయి. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో జరిగిన ఆ పనిలో రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఉన్నారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. క్లోరోఫాం ముందు ఆపేది ఊపిరినే, గుండెకు భయం లేదు అని లారీ తేల్చాడు. గుండె సంగతిలో ఆయన పొరబడ్డాడని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. కళ్లు ఛాతీ మీద ఉంచమన్న సలహా మాత్రం చెక్కుచెదరలేదు. కాప్నోగ్రాఫ్ ఉంటే మంచిదే. లేనిచోట రోగి ఛాతీ మీద ఒక నర్సు చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి చూసినంత త్వరగా వేలికి పెట్టిన క్లిప్పు చూడలేదు.

సభకు నాదొక ప్రతిపాదన. మన సమ్మతి పత్రంలో నాలుగు ప్రశ్నలు చేరుద్దాం: కల్లు తాగుతారా, రోజుకెన్ని సీసలు, చెట్టుదా దుకాణందా, చివరిసారి ఎప్పుడు తాగారు. అడిగేవాళ్లు గద్దించి అడిగితే నిజం రాదు. ‘పోలీసోళ్లకు చెప్పను తాతా, నీ పానం కోసమే అడుగుతున్న’ అని పక్కన కూర్చుని అడగాలి. తాగేవాళ్లను పరీక్ష కోసం ఒక్కసారిగా మానమనకండి, మానితే మూర్ఛలు రావచ్చు.

ఆ రైతు ఏడాది తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి సూది ఏదీ ఇవ్వలేదు. గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొట్టి, ఏం జరుగుతుందో ముందే చెప్పి, ఎడమ పక్కకు పడుకోబెట్టాం. ఆయన భార్యను లోపలికి పిలిచి చెయ్యి పట్టుకోమన్నాం. రెండుసార్లు వాంతికొచ్చినట్టయింది. పైపు తీశాక మూతి తుడుచుకుని ‘గంతేనా?’ అని అడిగాడు.