డోన్ నుంచి లాంగ్ రూట్ లారీ: డబ్బు పెట్టాలా, వద్దా?



"అన్నా, మన డోన్ పక్కనే 44వ నంబర్ హైవే. రాత్రీ పగలూ లారీలు పోతానే ఉంటాయి. ఒక లారీ నేనూ కొని లాంగ్ రూట్ తిప్పితే ఎట్లుంటుంది?" ఈ మెసేజ్ నాకు చాలాసార్లు వచ్చింది. ఈ ఏడాది ఇదే ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. మా బావ పద్నాలుగేండ్లుగా వేరేవాళ్ల లారీ నడుపుతాడు. ఇంక సొంతంగా కొందామన్నాడు. నేను 5 లక్షలు పెట్టాలి, మిగిలింది ఫైనాన్స్, చాలకపోతే మా అక్క నగలు. అందుకే ఊరికే సలహా చెప్పే ఎపిసోడ్ కాదిది. మేము పేపర్ మీద వేసుకున్న లెక్కే మీకు చూపిస్తా.

ముందు కొత్త బండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. షోరూమ్ వాళ్లు దాన్నే చూపించి రమ్మంటారు. బాడీతో కలిపి పది టైర్ల లారీ 40 లక్షలు అనుకుందాం. అందులో 34 లక్షలు లోను, 11 శాతం వడ్డీ, ఐదేండ్లు. ఈఎంఐ దాదాపు 74 వేలు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియమే 44 వేల దగ్గర ఉంటుంది, మొత్తం కలిపి ఏడాదికి 80 వేలు వేసినా. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500, ఆథరైజేషన్‌కు ఇంకో వెయ్యి. డ్రైవర్ జీతం 20 వేలు. అన్నీ కలిపితే నెలకు లక్షా 2 వేలు. అంటే బండి ఇంటి ముందు చెట్టు కింద నిలబడి ఉన్నా రోజుకు 3,400 ఖర్చయినట్టే.

ఇప్పుడు రోడ్డు ఖర్చు. మన దగ్గర డీజిల్ లీటరు 97 పైనే. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 24 రూపాయలు డీజిల్‌కే పోతుంది. టోల్‌కు 6 వేసుకోండి. కర్నూలు వైపు పోతే అమకతాడు, గుత్తి వైపు పోతే కాసేపల్లి, ఏ దిక్కుకు పోయినా ఫాస్టాగ్ కోతే. బత్తా, బ్రోకర్ కమీషన్, హమాలీ కలిపి 4, టైర్లు, ఆయిల్, సర్వీసు 3. మొత్తం 37. కిరాయి కిలోమీటరుకు 48 వచ్చింది అనుకుంటే మిగిలేది 11 రూపాయలు. ఖాళీగా వస్తే కిరాయి రాదు, డీజిల్, టోల్, టైర్లు మాత్రం 25 తింటాయి. అంటే ఒక్క ఖాళీ కిలోమీటరు, రెండు లోడు కిలోమీటర్ల మిగులును మింగేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టే తిరుగుతుంది.

కొత్త బండి లెక్క ఇక్కడే తేలిపోయింది. లక్షా 2 వేలను 11తో భాగిస్తే నెలకు 9,270 కిలోమీటర్లు లోడుతోనే తిరగాలి, ఒక్క కిలోమీటరు కూడా ఖాళీగా రాకుండా. అదీ అసలు మిగులు లేకుండా. లోడింగ్‌కు ఒక రోజు, అన్‌లోడింగ్‌కు ఒక రోజు నిలబడే బండికి ఒకే డ్రైవర్‌తో ఇది అయ్యే పని కాదు.

"అయితే సెకండ్ హ్యాండ్" అన్నాడు బావ. సరే. 15 లక్షల బండి, నా 5 లక్షలు పోను 10 లక్షలు లోను, 14 శాతం, నాలుగేండ్లు. ఈఎంఐ 27,300. నెల ఖర్చు 55,450కి దిగింది. పాత బండికి రిపేర్లు ఎక్కువ కాబట్టి మిగులు 11 కాదు, 9 వేసినా. బావ ఇక్కడ ఒక మాట అన్నాడు: "నా జీతం ఎందుకు రాస్తావు, నేను ఇంట్లోవాణ్నే కదా." నేను ఒప్పుకోలేదు. ఆ 20 వేలు తీసేస్తే ఏ లారీ అయినా లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది. నెలాఖరుకు అక్క ఇల్లు దేంతో నడుస్తుంది మరి?

కొనకముందే ఒక పని చేయమన్నా. ఇప్పుడు నడుపుతున్న ఓనర్ బండికే నెల రోజులు నోట్‌బుక్ రాయమన్నా. లోడు ఎన్ని కిలోమీటర్లు, ఖాళీ ఎన్ని. మీ చుట్టాల్లో డ్రైవర్ ఉంటే మీరూ ఇదే చేయండి, రూపాయి ఖర్చు లేదు.

ఆ నెల బండి 7,100 కిలోమీటర్లు తిరిగింది, ఖాళీ 900. డోన్ నుంచి బెంగళూరుకు బేతంచెర్ల బండలు, ఖనిజం పొడి, ఎప్పుడైనా సిమెంటు. మన దగ్గర నుంచి పోయే లోడుకు కరువు లేదు. బెంగళూరులో హైదరాబాద్‌కు లోడు దొరుకుతుంది. ఇబ్బందంతా హైదరాబాద్ నుంచి డోన్‌కు రావడంలోనే. ఇక్కడికి ఒక్కసారిగా 18 టన్నులు తెప్పించుకునేవాళ్లు ఎంతమంది? చిన్న చిన్న సరుకు పార్సిల్ బండ్లలోనే వచ్చేస్తుంది. ఆరు రౌండ్లలో మూడుసార్లు బావ ఖాళీగా వచ్చినాడు, ఒక్కోసారి 265 కిలోమీటర్లు.

ఆ నోట్‌బుక్‌తో మా లెక్క: 6,200 లోడు కిలోమీటర్లకు 55,800, అందులోంచి ఖాళీకి 22,500 పోతే 33,300. లోను తీరిపోయిన ఓనర్‌కు జీతం, ఇన్సూరెన్స్ పోను 5 వేలు మిగులుతుంది. మాకు ఈఎంఐ ఉంది కాబట్టి 22 వేలు లోటు. ఆ మూడు ఖాళీ ట్రిప్పులకు లోడు దొరికి ఉంటే? మేమూ దాదాపు 5 వేల మిగులులో ఉండేవాళ్లం. నెలకు మూడు లోడ్ల తేడా, అంతే.

"ఓవర్‌లోడు వేస్తే సరిపోతుంది" అనేవాళ్లు ఉంటారు. 2018లో ప్రభుత్వమే ఈ బండి మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5కి పెంచింది. ఎక్కువ మోయడం అందరికీ వచ్చాక అది నీకు మాత్రమే లాభం ఎట్లవుతుంది? దాన్ని దాటి దొరికితే 20 వేలు జరిమానా, పైన టన్నుకు 2 వేలు. కాటా మీద ఒక్క రాత్రితో నెల మిగులంతా పోతుంది.

ఒక చిన్న లాభం మాత్రం నిజంగానే ఉంది. కర్ణాటకలో డీజిల్ లీటరుకు 6 రూపాయల దాకా తక్కువ. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బాగేపల్లి దాటకముందే ట్యాంకు నింపితే హైదరాబాద్ దాకా రౌండుకు 850 మిగులుతుంది. ఇది డ్రైవర్లందరికీ తెలుసు, ఫోన్‌లో లెక్కలేసే మనకే తెలియదు.

ఇంకోటి, కిరాయి మొత్తం ఒకేసారి చేతికి రాదు. అడ్వాన్స్ ఇస్తారు, బ్యాలెన్స్ కాగితాలు తిరిగొచ్చాక. డీజిల్ బంకులో మాత్రం అప్పటికప్పుడే కట్టాలి. బండి ధర కాకుండా కనీసం 2 లక్షలు చేతిలో లేకపోతే రెండో నెలలోనే వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది.

నేను బావకు ఇచ్చిన జవాబు ఇది: కొత్తది వద్దు. పాతది కూడా ఇప్పుడే వద్దు. హైదరాబాద్ నుంచి డోన్ వైపు నెలకు మూడు లోడ్లు నోటిమాటగా కాకుండా రాసి ఇచ్చేవాళ్లు దొరికిన రోజు నా 5 లక్షలు తీస్తా. నగలు అప్పుడు కూడా వద్దు. బావ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కర్నూలులో ఒక ఎరువుల డీలర్‌ను కలిసి వచ్చినాడు. అతను కర్నూలు దాకా ఇస్తానన్నాడు. అక్కడి నుంచి డోన్‌కు ఖాళీ 55 కిలోమీటర్లే. 265తో పోలిస్తే చాలా నయం. రేటు ఇంకా తెగలేదు.

డోన్, వెల్దుర్తి, ప్యాపిలి వైపు ఫుల్ లోడు తెప్పించుకునే షాపు గానీ ఫ్యాక్టరీ గానీ మీకు తెలిస్తే కామెంట్లో రాయండి. రేటు తెగినాక ఆ లెక్క ఇంకో ఎపిసోడ్‌లో పెడతా. ఉంటా మరి.