నాకొస్తుందా?



ఆచార్య జి. రాంరెడ్డి గారి స్మృతిలో మాట్లాడమంటే ఆయన పదవులు వరసపెట్టి చెప్పడం తేలిక. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. 1985లో ఢిల్లీ వెళ్లి ఇగ్నోకు తొలి ఉపకులపతి అయ్యారు. ఇవి మీకు తెలిసినవే. నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. కాలేజీ సంగతి అటుంచి, బడి గడపైనా సరిగా తొక్కనివాళ్లకు ఆ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అర్హత పరీక్ష పెట్టారు. గట్టెక్కితే డిగ్రీలో చేర్చుకున్నారు. ఆ పరీక్షను అందరూ ప్రవేశ ద్వారంగానే చూశారు. నాకు మాత్రం అందులో మరో మేలు కనిపిస్తుంది. బస్సు కండక్టరైనా, అంగన్‌వాడీ టీచరైనా, పుస్తకం తెరవకముందే తానూ ఒక పరీక్ష నెగ్గిన మనిషినని తెలుసుకుని లోపలికి అడుగుపెట్టేవారు.

దీని విలువ ఏమిటో స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన వ్యాసం చదివితే తెలుస్తుంది. ఒక పని చేయగలనన్న నమ్మకానికి ఆయన నాలుగు మూలాలు చూపించాడు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాడు చేస్తుండగా చూడటం, నమ్మకస్తులు చెప్పిన మాట, గుండెదడా చేతివణుకూ లాంటి ఒంటి లక్షణాలు. వీటిలో మొదటిదే బలమైనది. పామంటే హడలిపోయేవాళ్లతో ఆయన బృందం పనిచేసింది. వేరొకరు పామును పట్టుకుంటే చూసినవాళ్లకన్నా, పక్కన మనిషి తోడుండగా మెల్లమెల్లగా తామే ముట్టుకున్నవాళ్లకు భయం బాగా తగ్గింది. ఈ నమ్మకం వ్యక్తిత్వ వికాసం పేరుతో వేదికలెక్కి అమ్మే ధైర్యం కాదు. పని పనికీ విడివిడిగా పుట్టేది. లెక్కల్లో పులిలా ఉండేవాడు ఇంగ్లీషు వ్యాసం రాయమంటే పిల్లి అయిపోవచ్చు.

ఇప్పుడు ఆన్‌లైన్ చదువుకు వద్దాం. తరగతిలో పాఠం అర్థంకాని కుర్రాడు పక్కబెంచీ వైపు చూస్తాడు. అక్కడివాడూ తల గోక్కుంటున్నాడు. హమ్మయ్య! ఫోనులో ఆ పక్కబెంచీ లేదు. తడబడకుండా చెప్పుకుపోయే మాస్టారొక్కడే కనిపిస్తాడు. దాంతో అర్థంకాకపోవడం తన ఒక్కడి లోపమే అనుకుంటాడు. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా వచ్చినవారు నూటికి సుమారు ముగ్గురే. సరదాకు చేరినవాళ్లూ అందులో ఉంటారు, నిజమే. కానీ మిగిలినవాళ్లందరినీ బద్ధకస్తులని తోసెయ్యడం మనకు బాగా అలవాటైన అన్యాయం.

ధైర్యం చాలకపోవడం ఒక ఇబ్బందైతే, మాస్టారి ధాటి చూసి తెచ్చుకునే అరువు ధైర్యం ఇంకా పెద్ద చిక్కు. 2013లో షానా కార్పెంటర్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించింది. మూడు రంగుల పిల్లులు దాదాపు ఎప్పుడూ ఆడవే ఎందుకవుతాయో చెప్పే చిన్న వీడియోలు రెండు. మాటలు అవే, చెప్పేదీ ఒకే మనిషి. ఒకదాంట్లో నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ గడగడా చెప్పింది. రెండోదాంట్లో కాగితం మీదకు వంగి, తడుముకుంటూ చదివింది. మొదటిది చూసినవాళ్లు తమకు బాగా వచ్చేసిందనుకున్నారు. పరీక్ష పెడితే రెండు గుంపులకూ గుర్తున్నది దాదాపు సమానం! హాస్టల్ మంచం మీద రెండింతల వేగంతో వీడియోలు నడిపించే మన పిల్లల సంగతి వేరే చెప్పాలా?

మన దేశంలో ఎన్‌పీటీఈఎల్ పేరుతో నడిచే ఆన్‌లైన్ కోర్సుల్లో వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది, చివర కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష ఉంటుంది. మంచి ఏర్పాటే. అయితే అసైన్‌మెంటు జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిని దించి రాసినవాడికి నూటికి పాతిక మార్కులు భద్రంగానే వస్తాయి. కానీ ఆ మార్కు తనది కాదని వాడికి తెలుసు. మిగతా డెబ్బై అయిదు మార్కుల పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు ఆ ఎరుకే చేతివణుకై బయటపడుతుంది. ఇక్కడ నేను విద్యార్థిని తిట్టను. మొదటి వారమే కొరకరాని ప్రశ్న ఇచ్చి, తప్పైతే ఎర్ర గుర్తు తప్ప మరేమీ చూపించని కోర్సును తిడతాను.

అందుకే మన సార్వత్రిక విశ్వవిద్యాలయ అధికారులకు నా మనవి. మొదటి వారం పని చిన్నదిగా ఉండాలి, కానీ నిజంగా చెమటోడ్చి చేసేదై ఉండాలి. దానికి కంప్యూటరు కాకుండా ఒక మనిషి తెలుగులో రెండు వాక్యాల జవాబు రాయాలి. “బాగుంది” అంటే చాలదు, విద్యార్థి ఎక్కడ దారి తప్పాడో చూపించాలి. ఇక మన అధ్యయన కేంద్రాల ఆదివారం కౌన్సెలింగ్ క్లాసుంది. వీడియోలు వచ్చాక దాన్ని అనవసరపు ఖర్చుగా లెక్కేస్తున్నవాళ్లున్నారు. దయచేసి తీసెయ్యకండి. అందులో ఓ గంట పాఠం ఆపేసి, నిరుడు అదే పేపరు గట్టెక్కిన విద్యార్థిని పిలిపించండి. ఒక లెక్క ఇచ్చి అందరి ముందూ చెయ్యమనండి. ఆగనివ్వండి, చెరపనివ్వండి, మళ్లీ మొదలుపెట్టనివ్వండి. దీనికి స్టూడియో అక్కర్లేదు. ఒక గది, బోర్డు, వచ్చిన విద్యార్థికి బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం. ఈ సంవత్సరం బడ్జెట్‌లోనే సర్దవచ్చు.