పాత ట్రక్కు, పాత గురుతులు

మన ఇండ్లలో ఇత్తడి బిందెలపైన, గుండిగలపైన పేర్లు చెక్కించు ఆచారము కలదు. పెండ్లినాడు పుట్టింటివారిచ్చిన బిందెపై అమ్మాయి పేరును, ఒక్కొక్కప్పుడు ఆ సంవత్సరమును ఉండును. లోపలి కళాయి పోయినచో మరల వేయింతుము. సొట్ట పడినచో సరిచేయింతుము. అంతేకాని, పైనున్న పేరును గీకివేయుమని కళాయివానితో ఎవరును చెప్పరు. పాత మోటారు బండిని బాగుచేయబూనినవారు మొదట గుర్తుంచుకొనవలసిన మాట ఇదియే. దీనిని మేము ఎట్లు తెలిసికొంటిమో నేడు మనవి చేయుచున్నాము.

మేము ఇరువురు మిత్రులము. ఉద్యోగరీత్యా అమెరికాలోని కాన్సాస్ సిటీ ప్రాంతమున నివసించుచున్నాము. మా పొరుగున ఒక వృద్ధురాలు ఉన్నది. ఆమెయు, గతించిన ఆమె భర్తయు గోధుమ పండించి బ్రతికినవారు. వారి కొట్టములో 1950వ సంవత్సరపు షెవర్లే 3100 పికప్ ట్రక్కు ఒకటి చాలకాలముగా కదలక పడియుండెను. పికప్ అనగా ముందు కూర్చుండుటకు గదియు, వెనుక సరకు వేయుటకు మూతలేని తొట్టియు గల చిన్న లారీ. దానిని మనుమని కీయవలెనని ఆమె కోరిక. యంత్రములతో మాకు కొంత పరిచయమున్నదని విని మమ్ము పిలిచి, ఆమె ఒక్క మాట చెప్పెను: బండి నడవవలెను, కాని అది ఆ బండిగానే ఉండవలెను.

దాని ఇంజనుకు త్రిఫ్ట్‌మాస్టర్ అని పేరు. పొదుపరి యని చెప్పుకొనవచ్చును. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నుండును. వాని మొత్తము కొలత 216 ఘనపు అంగుళములు. 1950లో దాని శక్తిని 92 అశ్వశక్తులుగా ప్రకటించిరి. మా ఇంజను పూర్తిగా బిగిసిపోయెను. ఇట్టి స్థితిలో బండిని మరియొక బండికి కట్టి లాగినచో పిస్టను రింగులు విరుగును. అందుచేత స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు ఓపికపట్టితిమి. పిమ్మట చేతితో త్రిప్పగా క్రాంకు షాఫ్టు కొంచెము కొంచెముగా కదలెను.

అడుగునున్న చాంబరు విప్పినప్పుడు ఈ ఇంజను ప్రత్యేకత తెలిసినది. కనెక్టింగ్ రాడ్డుల అడుగున గరిటెవంటి చిన్న ముక్కలు ఉన్నవి. చాంబరులోని చిన్న తొట్లలో నూనె నిలిచియుండును. క్రాంకు తిరిగినప్పుడెల్ల ఆ గరిటెలు తొట్లలో మునిగి నూనె తోడికొనును. వేగము హెచ్చినప్పుడు సన్నని గొట్టములనుండి వచ్చు నూనెధార వానిని తాకును. రాడ్డుల బేరింగులు తగరము ప్రధానముగా గల మెత్తని మిశ్రలోహముతో పోసినవి. అవి అరిగినకొలది, టోపీకి ఇరుప్రక్కల నుంచిన పలుచని రేకులను ఒకటొకటిగా తీసి సందు సరిచేయవలెను. రేకులు తీయుట సులభము; ఎన్ని తీయవలెనో కొలిచి చూచుటయే పని. ఒకటి హెచ్చుగా తీసినచో బేరింగు బిగిసి కాలిపోవును.

బండిలోని నూనె ఒత్తిడి గడియారము 30 పౌనులవరకే గుర్తింపబడియున్నది. నేటి బండ్లకు అలవాటుపడినవారు దానిని చూచి, ముల్లు తక్కువగా నున్నదని భయపడుదురు. ఆ ఇంజను తక్కువ ఒత్తిడితో పనిచేయునట్లు కల్పింపబడినదని ఆ అంకెలే చెప్పుచున్నవి. 1954లో ఈ ట్రక్కులకు రాడ్డులవరకు ఒత్తిడితో నూనె నందించు పెద్ద ఇంజను వచ్చినది. పాతదానిని క్రొత్తదాని కొలతతో తూచరాదు.

ఇక కార్ఖానాలో వేసిన గురుతుల సంగతి. ఇవి రెండు తెగలు. మొదటి తెగ నీటిలో నానవేసి అతికించు చీట్లు. ఇంజను పైమూతపై దాని పేరు గల చీటియు, నూనెతొట్టి గల గాలి జల్లెడపై శుభ్రపరచు విధము తెలుపు చీటియు అట్టివి. పైమూతపై చీటి పొట్టుపొట్టుగా రాలిపోయినది. మూతను కడిగి, నునుపుచేసి, మొదటివలె బూడిదవర్ణము పూసి ఆరనిచ్చితిమి. నేడు అచ్చువేయు క్రొత్త చీటిని గోరువెచ్చని నీటిలో నానవేసి, కాగితమునుండి జార్చి, గాలిబుడగలు లేకుండ మెత్తని గుడ్డతో నొత్తితిమి. గాలి జల్లెడపై చీటి మాత్రము సగము చినిగియు, చదువుటకు వీలుగా నుండెను. దానికి క్రొత్త చీటి మావద్ద ఉన్నను, పాతదానిని కదల్పలేదు. సబ్బునీటితో మృదువుగా తుడిచి విడిచితిమి.

రెండవ తెగ బండి జన్మమును తెలుపునవి. తలుపు స్తంభముపై ఒక చిన్న లోహపు పలక ఉన్నది. దానిపై సంఖ్య 5హెచ్‌పీఏ అని మొదలగును. 5 అనగా కాన్సాస్ సిటీ కార్ఖానా. హెచ్‌పీ అనగా 1950వ సంవత్సరపు అరటన్ను ట్రక్కు. ఏ అనగా జనవరి మాసము. మేమున్న పట్టణముననే అది పుట్టినదని తెలిసి సంతోషించితిమి. అట్లే ఇంజను దిమ్మెపై పోత పోసిన దినము అచ్చుపడి యుండును: మాసమునకొక అక్షరము, తేదీ, సంవత్సరపు చివరి అంకె. మా దిమ్మెపై ఆ చివరి అంకె 2. 1950 జనవరిలో కట్టిన బండిలో 2 ఎట్లు వచ్చినది?

పాత బండ్ల వ్యవహారము తెలిసిన ఒకాయన, ఆ అంకెను రాపిడిరాతితో తీసివేసి 0 కొట్టినచో బండి విలువ పెరుగునని మాకు సలహా చెప్పెను. తలుపు పలకపై సంఖ్యను దిద్దుట అమెరికాలో నేరము. దిమ్మెపై అంకెను ఎవరు చూడవచ్చెదరని ఆయన వాదము. మేము ఒకదినము తడబడితిమి. ఆమె మనుమనికి నాలుగు డాలర్లు లాభము కలుగవచ్చును గదా యనిపించినది. తుదకు ఆమెనే అడిగితిమి.

ఆమె చాలసేపు ఆ అంకెను చూచి, పిమ్మట చెప్పెను. 1953 జూనులో, గోధుమకోత నడుచుచుండగా, తలుపు తట్టినట్లు ఇంజనులో చప్పుడు మొదలయ్యెనట. నూనె తగ్గినది చూచుకొనకయే బరువులు తోలిరి. ఒక బేరింగు కరగి, రాడ్డు విరిగి దిమ్మెను పగులగొట్టెను. వాన రాకముందే ధాన్యము చేర్చవలెను. భర్త ఎక్కడనో క్రొత్త ఇంజను సంపాదించి తెచ్చి, ఆ రాత్రియే కొట్టములో బిగించెను. తెల్లవారువరకు లాంతరు పట్టుకొని నిలిచినది ఆమెయే. మనుమడు ఆ కథ అంతకుముందెన్నడును వినియుండలేదు.

మేము ఆ అంకెను ముట్టలేదు. చుట్టును వర్ణము పూయునప్పుడు కూడ అది స్పష్టముగా కనబడునట్లు పలుచగా పూసితిమి. చెరిగిన చీటికి మారుగా అట్టిదే మరియొక చీటి వేయవచ్చును. అది బిందెకు కళాయివంటిది. జన్మమును, జరిగినదానిని తెలుపు గురుతు బిందెమీది పేరువంటిది. అది మన లెక్కకు సరిపడకున్నచో, తప్పు గురుతుది యనుకొనకముందు పెద్దవారి నడుగవలెను.

ఇంజను మ్రోగిననాడు ఆమె ముందుగదిలో కూర్చుండెను. మనుమడు బండి తోలెను. బయలుదేరకముందు అతడు ఎవరును చెప్పకయే బానెట్టు ఎత్తి, కొలకడ్డీ తీసి, నూనె ఎంత ఉన్నదో చూచెను.